పొడి మూట

మొక్కై వంగనిది మానై వంగునా అని ఆ కసరత్తు హాల్లో మొదటి రోజే పైకి అనేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదు, అది మా వీధి వీధంతా ఎరిగిన సంగతే. అరవై దాటిన ఆడవాళ్ళం కొందరం ఆరోగ్య కేంద్రంలో గోడవారగా కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. మా ఎదురుగా మెడలో విజిల్ వేసుకున్న ఒక పిల్ల, మా మనవరాలి వయసుది, "చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవండి పెద్దమ్మా" అంటోంది. కూర్చోవడం, లేవడం కూడా నేర్పిస్తారట! నేను మూటలక్క కోసం వెళ్ళాను. మూటలక్క తన కూతురి కోసం వెళ్ళింది. ఆ తల్లీకూతుళ్ళ సంగతే నేను చెప్పబోయేది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఎవరి మీద మండాలో మాత్రం తెలియదు.

మూటలక్క అసలు పేరు అడిగితే ఆవిడే ఒక్క క్షణం ఆలోచించుకుని చెప్పేది. ఇద్దరం ఆసుపత్రి లాండ్రీలో పనిచేశాం. ఉతికే మిషన్ల నుంచి దుప్పట్లు తడిగానే బయటికి లాగి, మూట కట్టి, పిండే మిషన్ దాకా మోయాలి. నేలంతా సబ్బు నీళ్ళ జారుడు, గదంతా ఆవిరి. తడి మూట ఎత్తాలంటే ఊపిరి బిగబట్టి, పళ్ళు బిగించి, ఒక్క ఊపున లేపాలి. మూట దిగేదాకా ఊపిరి వదలకూడదు. పాతవాళ్ళు మాకు అదే నేర్పారు, మేం కొత్తవాళ్ళకి అదే నేర్పాం.

కొత్తవాళ్ళతో మేమొక ఆట కూడా ఆడేవాళ్ళం. ఎండిన దుప్పట్లు మూట కట్టి, పైన ఒక్క తడి దుప్పటి చుట్టి, "ఇది అందుకో అమ్మాయ్" అనేవాళ్ళం. పాపం ఆ పిల్ల తడి మూటే అనుకుని నడుం బిగించి లాగేది. బరువు లేని మూట గాల్లోకి లేచేది, పిల్ల వెల్లకిలా పడేది. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. ఆ ఆటలో పడని మనిషి ఒక్క మూటలక్కే. చేరిన రోజునే ఆ మూటని అరచేత్తో రెండుసార్లు తట్టి, "ఇది పొడి మూట. ఎవర్ని మోసం చేద్దామని?" అంది. అప్పుడే ఆ పేరు పడింది. ఆ చేతుల్ని బరువు విషయంలో ఎవరూ మోసం చేయలేరని లాండ్రీ అంతా అనుకునేవాళ్ళం.

ఆవిడ కూతురు గుమ్మడి. పుట్టినప్పుడు గుండ్రంగా, బొద్దుగా ఉందని వాళ్ళ నాన్న ముద్దుగా పిలిచిన పేరు నిలిచిపోయింది. నడక నేర్చే వయసులో జ్వరమొచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. నడుం పైన మాత్రం నిక్షేపంలా పెరిగింది. బుద్ధి చాకు. నోరు నాకన్నా నాలుగాకులు ఎక్కువే చదివింది. తండ్రి తొందరగా పోయాడు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాల గదికి, మళ్ళీ కుర్చీకి, మళ్ళీ మంచానికి, అన్నిటికీ తల్లే ఎత్తేది. గుమ్మడికి నలభై దాటినా చంటిపిల్లని ఎత్తినట్టే ఎత్తేది. బరువు మాత్రం చంటిపిల్లది కాదు కదా.

వాళ్ళది వీధి వైపు కిటికీ ఉన్న ఒకే గది, వెనక వంటకి కాస్త చోటు. కిటికీ కింద బల్ల, బల్ల మీద చేత్తో తిప్పే కుట్టు మిషన్. మా లాండ్రీలో చిరిగిన గౌన్లకి గుమ్మడే అతుకులు వేసేది. కుడుతూనే దారిన పోయే ప్రతి మనిషినీ పలకరించేది, ఆట పట్టించేది. "ఏం పిన్నీ, ఇవాళ ఎవరి కొంప కూల్చి వస్తున్నావ్?" అనేది నన్ను చూడగానే. "మీ కొంపేనే, తలుపు తియ్" అనేదాన్ని. ఆ కిటికీయే దాని లోకం. అయితే కుర్చీలో కూర్చోబెడితేనే దానికి కిటికీ అందుతుంది. మంచం మీంచి చూస్తే గోడ తప్ప ఏమీ కనబడదు.

వయసు మీద పడ్డాక లాండ్రీలో మా ఇద్దరినీ మోత పని మాన్పించి, మధ్యాహ్నం షిఫ్టులో మడతల బల్ల దగ్గర నిలబెట్టారు. హాయిగా ఉందనుకున్నాం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు, చేతుల్లో కండ ఎంతసేపు? ఒకరోజు స్నానాల గది గుమ్మం దగ్గర గుమ్మడిని ఎత్తుతూ మూటలక్క ఊపిరి బిగబట్టింది. కళ్ళు బైర్లు కమ్మి తల్లీకూతుళ్ళిద్దరూ నేల మీద పడ్డారు. గుమ్మడి భుజం ఎముక చిట్లింది.

గుమ్మడి అన్న పరుగున వచ్చాడు. గోడౌన్‌లో బస్తాలు మోసి మోసి నడుం పోగొట్టుకుని, ఇప్పుడు అక్కడే గేటు దగ్గర కూర్చునే మనిషి. ముందుకి వంగి చెప్పు కూడా తొడుక్కోలేడు, చెల్లెల్ని ఏం ఎత్తుతాడు? ఆసుపత్రి వరండాలో తల్లి ముందు నిలబడి అనకూడని మాట అన్నాడు.

"అమ్మా, ఇంకొక్కసారి చెల్లి నీ చేతుల్లోంచి జారిందంటే నేను నీ మాట వినను. దాన్ని వికలాంగుల హోమ్‌లో చేర్పించేస్తాను. ఇట్లాగైతే నువ్వూ పోతావ్, దాన్నీ చంపుతావ్."

లోపల మంచం మీద గుమ్మడికి ఆ మాట వినబడింది. తలుపు తెరిచే ఉంది మరి.

ఆ హోమ్‌ని నేనూ మూటలక్కా వెళ్ళి చూసొచ్చాం. శుభ్రంగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. మంచాలకి రెండు వైపులా కడ్డీలు, ప్రతి మంచం మీదా పడుకోబెట్టిన ఒక మనిషి. కిటికీలన్నీ మనిషి ఎత్తుకి పైన ఉన్నాయి. "వీళ్ళని కుర్చీల్లో ఎప్పుడు కూర్చోబెడతారమ్మా?" అని మూటలక్క అక్కడి ఆయాని అడిగింది. ఆయా విసుక్కోలేదు, జాలిగా చూసింది. "ఇంతమందిని ఎవరు లేపుతారక్కా? పక్క మీద అటూ ఇటూ తిప్పడానికే మాకు చేతులు చాలడం లేదు" అంది. తిరిగొచ్చి బస్సు దిగాక మూటలక్క, "నేను ఎత్తగలిగినంత కాలమే అది కూర్చుంటుందే" అంది. అంతే. ఆవిడ బతుకంతా ఆ ఒక్క మాటలోకి వచ్చేసింది. ఎత్తగలిగితే కూతురు కిటికీ దగ్గర, ఎత్తలేకపోతే కడ్డీల మధ్య.

అదుగో, అందుకు వెళ్ళాం కసరత్తుకి.

"ఇదిగో అమ్మాయ్, తడి మూటలు ఎత్తి కాయలు కాసిన చేతులివి. మాకు నువ్వు ఎత్తడం నేర్పుతావా?" అన్నాను ఆ విజిల్ పంతులమ్మతో.

"ఏదీ, ఎత్తండి పెద్దమ్మా, నేనూ నేర్చుకుంటాను" అని ఒక ఇసుక సంచి నా ముందు పెట్టింది.

ఒక్క ఊపున లేపాను. పంతులమ్మ నా వీపు మీద చెయ్యి పెట్టి, "ఊపిరేది?" అంది.

"లోపలుంది."

"లోపలెందుకు దాచారు, వడ్డీకి తిప్పుతారా?"

హాలంతా గొల్లుమంది. నాకు ముక్కు మీదికి కోపం వచ్చింది గానీ, ఆ పిల్ల చెప్పింది విన్నాక నోరు మూసుకున్నాను. ఈ వయసులో ఊపిరి బిగబట్టి బరువెత్తితే రక్తపోటు ఎగబాకుతుందట, కళ్ళు తిరుగుతాయట. మూటలక్క అందుకే పడింది. లేపేటప్పుడు హూ అని వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. వినడానికి ఇంతే. జీవితమంతా బిగబట్టినవాళ్ళకి వదలడం ఎంత కష్టమో మాకే తెలుసు. నేను హూ అన్నప్పుడల్లా నా చేతిలో సంచి సగంలో ఆగిపోయేది.

కుర్చీ వెనక గోడ ఉండాలి, జారే చెప్పులు వద్దు. ముందు ఉత్త చేతులతో, తర్వాత నీళ్ళ సీసాలతో, ఆ తర్వాతే ఇసుక సంచులు. ఎత్తుతూ పక్కమనిషితో మాట్లాడలేకపోతే ఆ బరువు ఎక్కువైనట్టే, దించెయ్యాలి. కండ లాగితే ఫరవాలేదు, కీలులో పొడిచినట్టయినా, గుండె పట్టేసినట్టయినా, తల తిరిగినా ఆపెయ్యాలి. ఇవన్నీ ఒప్పుకున్నాం. ఒకరోజు చేసి మర్నాడు ఊరుకోవాలంటే మాత్రం ఒప్పుకోలేదు.

"ఊరుకోవడమా? అదేం రోగం?" అంది మూటలక్క. పని మానుకుని కూర్చోవడం ఆవిడ పుట్టి బుద్ధెరిగి చెయ్యలేదు.

"కండ పట్టేది ఎత్తిన రోజు కాదు పెద్దమ్మా, ఊరుకున్న రోజు. అదీ కడుపునిండా తింటేనే. గుడ్డో పప్పో పాలో, ఏది కుదిరితే అది."

పంతులమ్మ ఒకరోజు వాళ్ళింటికే వచ్చి మనిషిని ఎత్తే పద్ధతి చూపించింది. కుర్చీని మంచానికి ఆనించి పెట్టడం, గుమ్మడి నడుముకి వెడల్పాటి బెల్టు కట్టడం, పాదాలు ఎడంగా పెట్టి, వీపు వంచకుండా మోకాళ్ళు వంచి, గుండెకి హత్తుకుని లేపడం. ఇద్దరూ కలిసి లెక్క పెట్టాలంది. గుమ్మడి దాన్ని పెద్ద ఆట చేసేసింది. "ఒకటి, రెండు, హూ!" అని తల్లికన్నా గట్టిగా అరిచేది. పొద్దున్నే ఆ కేక వినబడితే ఎదురింటి దర్జీ, "గుమ్మడమ్మ రైలు బయల్దేరింది" అనేవాడు.

చలికాలం ముగిసేసరికి మార్పు తెలిసింది. బస్సు మెట్టెక్కడానికి మూటలక్క కడ్డీ పట్టుకోవడం మానేసింది. నీళ్ళ బిందె ఎత్తి నడుమున పెట్టుకుంటే వయసు తిరిగొచ్చిందా అనిపించేది. కసరత్తు హాల్లో నేను ఇంకా సీసాల దగ్గర మూలుగుతుంటే ఆవిడ సంచుల దగ్గర ఉండేది. పంతులమ్మ నెలకోసారి అందరినీ ఒకే సంచులతో పరీక్షించేది, ఎవరెంత ముందుకొచ్చారో చూడటానికి. మూటలక్క మాత్రం ఆ పరీక్షకి నిలబడేది కాదు.

"నాకెందుకమ్మా నీ ఇసుక? నా మూట ఇంట్లోనే ఉంది. రోజూ ఎత్తుతూనే ఉన్నా. పోయిన నెల కన్నా ఈ నెల తేలిగ్గా లేస్తోంది. ఇంతకన్నా పరీక్ష ఏముంటుంది?"

"కొలిచే బరువు మారకూడదు పెద్దమ్మా. మనుషులు మారతారు కదా."

"నలభై ఏళ్ళుగా ఎత్తుతున్నా, నా కూతురు నాకు తెలియదా?" అని నవ్వి షిఫ్టుకి వెళ్ళిపోయేది.

ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. మడతల బల్ల దగ్గర కూడా అదే గొప్ప. "నిన్న దాన్ని ఎంత సునాయాసంగా లేపానో తెలుసా! అది కూడా ఆశ్చర్యపోయింది. అమ్మా, నువ్వు పహిల్వానువైపోతున్నావ్ అంది." మేమంతా ఆవిడ జబ్బ పట్టుకుని చూసేవాళ్ళం. నిజంగానే గట్టిపడింది. గుడ్డు తినమని పంతులమ్మ చెప్పిందని రెండు గుడ్లు ఉడకబెట్టి చెరొకటి పెడితే, గుమ్మడి తనది కూడా తల్లి కంచంలో వేసేదట. "కూర్చునేదాన్ని, నాకెందుకమ్మా? ఎత్తేదానివి నువ్వు తిను" అనేదట. అది చెప్పుకుని కూడా ఆ తల్లి మురిసిపోయింది.

అదే రోజుల్లో వాళ్ళ కిటికీ కింద ఒక వీధికుక్క చేరింది. మొదట ఎముకల గూడులా ఉండేది. చూస్తుండగా నున్నగా, పొట్ట నేలకి తగిలేలా తయారైంది. "ఏమే గుమ్మడీ, నీ పేరు దీనికి పెట్టాలే ఇంక" అని నేనే ఎగతాళి చేశాను. గుమ్మడి మిషన్ చక్రం తిప్పుతూ పకపకా నవ్వింది. ఒంటి చుట్టూ శాలువా ఉంది. చలికాలం పోయినా చలేస్తోందని దాన్ని తియ్యలేదు. బల్లా మిషనూ అడ్డం, పైన శాలువా, ఆ పైన ఉబ్బినట్టున్న గుండ్రటి మొహం. వీధిలోంచి నాకు కనబడేది అంతే.

మరి తల్లికి కనబడలేదా అంటారేమో. మూటలక్క కళ్ళకి అప్పటికే శుక్లాలు కమ్మాయి. మరక ఉన్న దుప్పటిని మంచి దుప్పట్లలో కలిపి మడతపెట్టేసిందని లాండ్రీలో చీవాట్లు తింది. "మనిషి మొహం మొహంలా లేదే, మబ్బులా కనిపిస్తోంది" అనేది నాతో. స్నానమూ బట్టలూ గుమ్మడి తనే చూసుకునేది, ఒంటి మీద శాలువాతోనే ఎత్తించుకునేది. ఆపరేషన్ చేయించుకోమని అందరం పోరితే, గుమ్మడి ఒక్కతే, "తొందరేముందమ్మా, ఎండలు తగ్గాక చూద్దాం" అంటూ వచ్చింది. అది తల్లి మీద ప్రేమ అనుకున్నాం. ప్రేమే, కాదన్నానా?

చివరికి లాండ్రీ వాళ్ళే పట్టుబట్టి కంటి ఆసుపత్రిలో చేర్పించారు. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు బరువెత్తకూడదన్నారు. "అన్నాళ్ళూ నేను ఎత్తుతా, నువ్వు నోరు మూసుకుని పడుకో" అన్నాను. ఆపరేషన్ రోజు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. కొడుకు తల్లిని తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. గదిలో నేనూ గుమ్మడీ మిగిలాం.

"రా పిన్నీ, నీ ప్రతాపం చూపించు. పడేశావో, కేసు పెడతా" అంది మంచం మీంచి.

బెల్టు కట్టాను. నడుం చుట్టూ బెల్టు కొస చాలా మిగిలి వేలాడింది, అప్పటికీ నాకు బుర్ర వెలగలేదు. పాదాలు ఎడంగా పెట్టాను, మోకాళ్ళు వంచాను, దాన్ని గుండెకి హత్తుకున్నాను. నా ఒళ్ళంతా ఒక పెద్ద బరువుకి సిద్ధమైంది. ఒకటి, రెండు, హూ.

వెనక్కి తూలిపోయాను. గోడ అడ్డం లేకపోతే ఇద్దరం పడేవాళ్ళం. లాండ్రీలో కొత్తపిల్లలు ఎట్లా పడేవాళ్ళో అట్లాగే. చేతుల్లో గుమ్మడి ఉంది, బరువు లేదు. దాన్ని కుర్చీలో దించి, శాలువా లాగేశాను. మెడ కింద ఎముకలు, భుజాల దగ్గర ఎముకలు. నైటీ మాత్రం ఒంటికి సరిగ్గా సరిపోయింది. పక్క కుట్టు తిరగేసి చూశాను. ఒక కుట్టు లోపల ఇంకో కుట్టు, దాని లోపల మరో కుట్టు. ఒళ్ళు తగ్గినప్పుడల్లా బట్టని తగ్గించుకుంటూ వచ్చింది. పనితనం తెలిసిన పిల్ల కదా.

"ఎన్నాళ్ళ నుంచే? ఎన్నాళ్ళ నుంచి ఈ నాటకం?" అని అరిచాను.

"మెల్లగా పిన్నీ, దర్జీ చెవులు రిక్కించుకునుంటాడు."

"ఉండనీ! ఊరంతా విననీ! తిండి మానేసి కుక్కకి పెడతావా? నీకు బుద్ధుందా, గడ్డి తింటున్నావా?"

"గడ్డి కూడా తినడం లేదు" అంది. నేను చెయ్యెత్తాను, కొట్టడానికే ఎత్తాను. ఎక్కడ కొట్టాలో తెలియక దించేశాను.

అప్పుడు అది ఎగతాళి మాని మాట్లాడింది. "పడిన రోజు అమ్మ ఏడవలేదు పిన్నీ. నేల మీద నా పక్కనే కూర్చుని తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఎవరో పరాయివాళ్ళ చేతులన్నట్టు. తర్వాత అన్నయ్య ఆ మాట అన్నాడు. అమ్మకి బలం వస్తుందో రాదో నాకేం తెలుసు? ఆ వయసులో ఎవరికొస్తుంది? నా చేతిలో ఉన్నది నా బరువొక్కటే. అది తగ్గించుకున్నా."

"వచ్చిందే తల్లీ! బలం వచ్చింది! హాల్లో మేమంతా చూస్తున్నాం కదే!"

"ఎట్లా తెలుస్తుంది? తను పెరుగుతోంది, నేను తగ్గుతున్నాను. ఎవరి వల్ల తేలికైందో ఎవరికి తెలుసు?" అని నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు చెప్పకు పిన్నీ. ఏడిస్తే కన్ను పాడవుతుంది. అమ్మ కన్ను మానేదాకా ఆగు, నీకు దణ్ణం పెడతా."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నా నోట్లో ఆ మాట నిప్పులా పెట్టుకుని దానికి తిండి కలిపి పెట్టాను. తిన్నది తిన్నట్టు కక్కేసింది. దాని కడుపుకి తిండంటే ఏమిటో గుర్తు లేదు. దగ్గుతోంది కూడా. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంటే, "అమ్మ రానీ" అంది.

మర్నాడు మధ్యాహ్నం కంటి మీద కట్టు తీయించుకుని మూటలక్క ఇంటికొచ్చింది. నల్లద్దాలు పెట్టుకుని, వీధిలో గోడల రంగులు చూసుకుంటూ, దర్జీ జుట్టు తెల్లబడిందని వెక్కిరిస్తూ వచ్చింది. కొడుకు వెనకాలే సంచి పట్టుకుని ఉన్నాడు.

"రావమ్మా కొత్త కళ్ళమ్మా!" అంది గుమ్మడి కిటికీ దగ్గర్నుంచి.

మూటలక్క గుమ్మంలో ఆగిపోయింది. నల్లద్దాలు తీసింది. దగ్గరికొచ్చి శాలువా తొలగించి, అరచేత్తో కూతురి భుజం మీద రెండుసార్లు తట్టింది. ఆ తట్టడం నాకు తెలుసు.

"ఎవర్ని మోసం చేశావే తల్లీ?" అంది.

గుమ్మడి ఏదో హాస్యం ఆడబోయి మానేసింది. తల్లి పొట్టలో మొహం దాచుకుంది. కన్ను పాడవుతుందని ఎవరూ అనలేదు. ఆ తల్లి ఏడ్చిన ఏడుపు వీధి చివరిదాకా వినబడింది.

ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్చాం. ఛాతీలో నిమ్ము చేసిందన్నారు. తట్టుకునే ఒళ్ళయితే మందులకి లొంగేదే, ఈ ఒంట్లో ఏమీ మిగల్లేదన్నారు. మూటలక్క చెంచాతో పోసిన ప్రతి చుక్కా మింగడానికి గుమ్మడి చూసింది. ఈసారి నిజంగానే చూసింది, నేను పక్కనే ఉన్నాను. "తింటానమ్మా, మళ్ళీ గుమ్మడినవుతా, అప్పుడు ఎత్తు చూద్దాం" అంది ఒకసారి. అదే దాని ఆఖరి ఎగతాళి. వారం తిరక్కుండానే పోయింది.

కొడుకు వరండాలో స్తంభానికి తల ఆనించి నిలబడ్డాడు. అదే వరండా. "భయపడి అన్నాను పిన్నీ. అమ్మ పోతుందేమోనని భయపడి అన్నాను. ఎక్కడికీ పంపేవాణ్ణి కాదు" అన్నాడు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. నాకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది, వాణ్ణి పట్టుకుని ఏడవాలనిపించింది. రెండూ చేశాను.

వార్డు మనుషులు స్ట్రెచర్ తెచ్చారు. ఒకతను గుమ్మడిని ఎత్తబోతే మూటలక్క చెయ్యి అడ్డం పెట్టింది. పాదాలు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, గుండెకి హత్తుకుంది. ఒకటి, రెండు అని మెల్లగా అంది. హూ అనాల్సిన అవసరం రాలేదు.

తర్వాత చాలా రోజులు ఆవిడ లాండ్రీకీ రాలేదు, కసరత్తుకీ రాలేదు. గౌన్ల కట్ట విప్పకుండా మిషన్ పక్కనే ఉండిపోయింది. కుక్క కిటికీ కింద కూర్చుని పైకి చూస్తుంటే నాకు దాన్ని తరమాలనిపించేది, చెయ్యి వచ్చేది కాదు. ఒకరోజు పొద్దున్నే మూటలక్కే మా తలుపు తట్టింది. "పద, హాలుకి వెళ్దాం" అంది.

పంతులమ్మకి ఒక అంకె చెప్పింది. భుజం చిట్లిన రోజు ఆసుపత్రిలో గుమ్మడిని తూస్తే వచ్చిన బరువది. "అంత బరువు కట్టివ్వమ్మా. లేపి చూడాలి" అంది. పంతులమ్మ కళ్ళనీళ్ళు తుడుచుకుని, "ఇన్నాళ్ళు మానేసి ఒక్కసారిగా వద్దు పెద్దమ్మా, మెట్టు మెట్టుగా వెళ్దాం" అంది. ముందు కంటి డాక్టరు సరేనంటేనే మొదలుపెట్టనిచ్చింది. మూటలక్క వాదించలేదు. ఒకరోజు చేసింది, ఒకరోజు ఊరుకుంది. గుడ్డు తింది. ఆ గుడ్డు నమలడం చూడలేక నేను తల తిప్పుకునేదాన్ని. సంచి మీద సంచి కలుస్తూ వచ్చింది.

ఆ రోజు రానే వచ్చింది. సంచులన్నీ కలిపి నడిమికి బెల్టు కట్టి, కుర్చీలో కూర్చోబెట్టినట్టు పెట్టారు. పంతులమ్మ ఒక పక్క, నేను ఒక పక్క నిలబడ్డాం. మూటలక్క మోకాళ్ళు వంచి బెల్టు పట్టుకుని దాన్ని గుండెకి ఆనించుకుంది.

"ఒకటి, రెండు, హూ."

లేచింది. చెయ్యి వణకలేదు, కాలు తడబడలేదు. పక్క కుర్చీ దాకా తిప్పి, ఊపిరి పీలుస్తూ మెల్లగా దించింది. దించాక బెల్టు వదల్లేదు. ఆ ఇసుక మూట ముందు నేల మీద చతికిలబడి కూర్చుంది.

"సరిపోయేదే చెల్లీ" అంది నాతో. "దాని బరువు దానికి ఉన్నా, నా బలం సరిపోయేదే."

నేనూ ఆవిడ పక్కనే నేల మీద కూర్చుని, బెల్టు మీంచి ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను.

ఆవిడ ఇప్పటికీ హాలుకి వస్తుంది. కొత్తగా ఎవరో ఒకావిడ వస్తూనే ఉంటుంది, మోకాళ్ళు పట్టుకుని, ముక్కుతూ. వాళ్ళలో ఎవరైనా, "మనవణ్ణి ఎత్తుకోగలుగుతున్నాను, మా ఆయన్ని లేపగలుగుతున్నాను, ఈ సంచులతో నాకేం పని" అంటే, మూటలక్క లేచి వెళ్ళి ఇసుక సంచి తెచ్చి వాళ్ళ ముందు పెడుతుంది.

"దీంతో చూసుకో అమ్మా" అంటుంది. "ఇసుకైతే తిండి మానెయ్యదు."